నిలబడ్డ కారు తినే కరెంటు

పోయినవి ముందు చెబుతాను. ఒక బ్యాటరీ పూర్తిగా పోయింది. దాని స్థానంలో వేసిన రెండో బ్యాటరీకి సగం ఆయుష్షు పోయింది. ఎలుకలు కొరికిన చార్జరు వైరు ఒకటి, బానెట్ లోపలివైపు అతికించి ఉండే మెత్త ఒకటి. నెలల తరబడి ఒకే చోట బరువు మోసి, ఒక పక్క చదునైపోయిన ముందు ఎడమ టైరు. మా బావ కుడికాలి వేళ్లు రెండు, బొటనవేలూ దాని పక్కదీ. ఈ చివరిది కారు లెక్కలో రాయకూడదని మా అక్క అంటుంది. నా ఉద్దేశంలో మిగతావన్నీ దాని కిందే రావాలి.

బావకు జగ్గయ్యపేటలో ఎరువుల కొట్టు ఉంది. నేను నందిగామలో పత్తి మిల్లులో కాటా దగ్గర లెక్కలు చూస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ పని చేస్తూ నేర్చుకున్నవే. కారు తోలడం మాత్రం రాదు, నేర్చుకోవాలనీ అనిపించలేదు. బావ సంగతి వేరు. రైతులకు ఎరువులు అరువుకిచ్చి, పంట చేతికొచ్చే రోజుల్లో పెనుగంచిప్రోలు, వీరులపాడు వైపు ఊళ్లన్నీ వసూళ్లకు తిరిగేవాడు. తొమ్మిదేళ్లు ఆ కారు ఆయన చేతిలోనే తిరిగింది. డ్రైవర్ని పెట్టుకోమంటే, "వాడు తోలి నేను పక్కన కూర్చుంటే రైతు వాడికే దణ్ణం పెడతాడు" అనేవాడు.

షుగరు ఉన్న మనిషి. చెప్పు కరిచిన పుండు మానలేదు. విజయవాడ ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మళ్లీ కారు ఎప్పుడు తోలొచ్చని బావ మొదటి రోజే అడిగాడు. గాయం పూర్తిగా మానాక, మెత్తటి బూటు వేసుకుని, ఆర్నెల్ల తర్వాత చూద్దామని డాక్టరు అన్నాడు. బావ "ఆర్నెల్ల తర్వాత" అన్నంతవరకే విన్నాడు. "చూద్దాం" అన్నది అక్కా నేనూ విన్నాం.

కారు ఇంటి పక్కన రేకుల షెడ్డులోకి చేరింది. ఒకప్పుడు ఎరువుల బస్తాలు పెట్టిన షెడ్డు. అందులో ఒక బల్బు, ఒక ప్లగ్గు ఉన్నాయి. కారు ఎప్పుడు కావాలంటే అప్పుడు బయల్దేరేలా ఉండాలని బావ హుకుం. ఆ పని అక్క తన మీద వేసుకుంది. శుక్రవారం శుక్రవారం కారు తుడిచి, బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టి, లోపల కూర్చుని తాళం తిప్పేది. ఇంజను తిరుగుతుండగా దిగొచ్చి ముందు నిలబడి హారతి ఇచ్చేది. కర్పూరం ఆరగానే ఇంజను ఆపేసేది. మా వైపు చాలా ఇళ్లలో బళ్లకు ఇదే మర్యాద. ఎవరినడిగినా, వారానికోసారి స్టార్ట్ చేస్తే బ్యాటరీకి ఢోకా లేదంటారు.

ఆరో శుక్రవారం తాళం తిప్పితే కారు టిక్కుమని ఊరుకుంది. బ్యాటరీ కొట్టతను వచ్చి, ఇది పాతదేనండి, కాలం తీరిందండి అని కొత్తది బిగించి వెళ్లాడు. ఆ మాట నాకు సరిపోలేదు. అంతకుముందు వారం కూడా బాగానే తిరిగిన కారు అది. మా మిల్లు ఎలక్ట్రీషియన్ దగ్గర కరెంటు కొలిచే మీటరు అడిగి తీసుకుని, ఆదివారం బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్లాను.

కారుకు తాళం వేసి వదిలేసినా లోపల కొన్ని మేలుకునే ఉంటాయి. గడియారం, దూరం నుంచి నొక్కే తాళం మాట వినే పెట్టె, దొంగ ముట్టుకుంటే అరిచే హారను. ఆ మూడూ కలిసి తాగే కరెంటు బహు తక్కువ. కానీ రోజంతా తాగుతాయి. మీటరు చూపిన అంకెను ఇరవై నాలుగు గంటలతో గుణిస్తే, బ్యాటరీ మీద రాసే యాంపియర్-అవర్ల లెక్కలో రోజుకు దాదాపు ఒకటి. బ్యాటరీలో నిండుగా ఉండేది ముప్పై ఐదు. అంటే వారానికి ఏడు పోతున్నాయి. కర్పూరం వెలిగినంతసేపు ఇంజను తిరిగితే తిరిగొచ్చేది ఒకటి, మహా అయితే ఒకటిన్నర. ఇలా వారానికి ఆరు చొప్పున తరుగుతూ పోతే ఆరో శుక్రవారానికి ఏం మిగులుతుందో వేళ్ల మీద చెప్పొచ్చు.

ఇది అక్కకు చెప్పాను.

"అంటే నా పూజ వల్లే పోయిందంటావా?" అంది.

"పూజ వల్ల కాదక్కా, పూజ చాలక. అరగంట హారతి ఇచ్చుంటే పోయేది కాదు."

"అరగంట కర్పూరం నువ్వు కొనిస్తావా?"

లోపల మంచం మీద నుంచి బావ కేకేశాడు. "వాడు కొనడే. వాడు లెక్క మాత్రమే ఇస్తాడు."

ఆ వారమే బ్యాటరీ మెయింటెయినర్ తెప్పించాను. అరచేతి కంటే కొంచెం పెద్ద పెట్టె. ఒక వైరు గోడ ప్లగ్గుకు, రెండో వైరు చివర ఎర్ర క్లిప్పూ నల్ల క్లిప్పూ. మామూలు చార్జరు బ్యాటరీ నిండినా పోస్తూనే ఉంటుంది, వదిలేస్తే బ్యాటరీని ఉడకబెడుతుంది. ఇది అలా కాదు. నిండగానే తగ్గించుకుని, తరిగిన మేరకే పోస్తుంది. రోజుకు ఒకటి పోతే ఒకటి ఇస్తుంది. ఎర్ర దీపం వెలిగితే గోడ నుంచి కరెంటు వస్తున్నట్టు. దాని పక్కన పచ్చ దీపం మిణుకుతుంటే బ్యాటరీ నిండుతున్నట్టు, నిలకడగా ఉంటే నిండినట్టు. ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకు, నల్లది ఇంజను పక్కన రంగు లేని ఇనప బోల్టుకు పెట్టి, ఆఖర్న స్విచ్చి వేసి చూపించాను. బానెట్ పూర్తిగా మూయకుండా సందులోంచి వైరు పోనిచ్చాను. ఇక శుక్రవారాలు తాళం తిప్పనక్కర్లేదని అక్కకు చెప్పాను. హారతి మాత్రం మానలేదు.

శ్రావణంలో ఎలుకలు ఆ సందు కనిపెట్టాయి. బానెట్ మెత్త పీకి గూడు కట్టుకుని, వైరు కొరికి పెట్టాయి. అక్క ఎండుమిరపకాయలు గుడ్డలో మూట కట్టి ఇంజను పక్కన పెట్టింది. మర్నాటికి గుడ్డ కూడా పోయింది.

"గుంటూరు కాయ పెట్టావా, మన కాయ పెట్టావా?" అని అడిగాడు బావ. "మన కాయైతే వాటికి అలవాటే."

నేను కొత్త వైరు తెచ్చి ఇనప గొట్టంలోంచి దూర్చి, బానెట్ సందు చుట్టూ సన్నటి జల్లెడ కట్టాను. అప్పట్నుంచి ఎలుకల గోల లేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లేసరికి షెడ్డు వెనక గోడ ఎర్రబడి కనిపించింది. మరుక్షణం మామూలైంది. మళ్లీ ఎర్రబడింది. తొంగి చూస్తే బావ డ్రైవరు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కుతున్నాడు. కాలికి డాక్టరు ఇప్పించిన మెత్తటి బూటు ఉంది. తొక్కి, మెడ తిప్పి, అద్దంలో వెనక గోడ చూసుకుంటున్నాడు. షుగరుకు స్పర్శ మొద్దుబారిన తన కాలు పెడలు మీద పడిందీ లేందీ ఆయనకు గోడ చెబుతోంది. నేను గట్టిగా దగ్గి లోపలికి వెళ్లాను.

"బ్రేకు లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూస్తున్నా" అన్నాడు.

"పనిచేస్తున్నాయి బావా."

"కనపడుతోందిగా" అన్నాడు.

వాళ్లకు ఒక్కతే కూతురు. మైలవరంలో ఇచ్చారు, అక్కడ బడిలో టీచరు. వినాయక చవితికి భర్తతో కలిసి వచ్చినప్పుడు ఆ ఎర్ర గోడ ఆమె కూడా చూసింది. ఆమెది దాచుకునే నోరు కాదు. వడ్డిస్తుండగానే అడిగింది.

"నాన్నా, నీ కాలు బ్రేకు మీద ఉందో లేదో నీకే తెలీదు. రేపు హైవే మీద వెనకాల గోడెవరు కడతారు? కారు మేం తీసుకెళ్తాం. నీకు కావాల్సినప్పుడు ఈయన తోలుకొస్తారు."

ఆమె భర్త నెమ్మదస్తుడు. "ఇప్పుడెందుకా మాటలు, మామయ్యగారు భోజనం చేస్తున్నారు కదా" అన్నాడు. ఆ మాటకి బావకు ఇంకా కోపం వచ్చింది.

"కార్తీకం ఆఖరాదివారం రండి" అన్నాడు. "ఈ బావమరిదిని వాళ్ల గుమ్మంలో దింపి తిరిగొస్తా. మన గుమ్మం నుంచి వాళ్ల గుమ్మానికి. వెళ్లొస్తే కారు జోలికి ఎవరూ రావద్దు. వెళ్లలేకపోతే ఆ పూటే తోలుకుపోండి."

"మామయ్యా, నువ్వు ఎక్కుతావా ఆ కారు?" అంది మేనకోడలు నాతో.

బావ నా వైపు చూడలేదు. పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాడు. ఎక్కుతానన్నాను. మా రెండు గుమ్మాల మధ్య దూరం ఇరవై ఎనిమిది కిలోమీటర్లు; పాత రోజుల్లో ఆయన కారు మీటరులోనే చూశాను. ఆ ఇరవై ఎనిమిదీ బావ వెళ్లగలడని నా దగ్గర ఏ లెక్కా లేదు. వెళ్లలేడనీ లేదు.

దసరాకు పత్తి రావడం మొదలవుతుంది. ఇక మాకు ఆదివారాలుండవు. మిల్లులో ఆయుధపూజ నాడు కాటాకు, కాలిక్యులేటర్లకు బొట్టు పెట్టి పక్కన పెట్టడంతో సరి, మర్నాటి నుంచి లారీలు. నేను జగ్గయ్యపేట వెళ్లడం ఆగిపోయింది. రెండు మూడు రోజులకోసారి ఫోన్లో కారు సంగతి అడిగేవాణ్ణి.

"దీపం వెలుగుతోందా అక్కా?"

"వెలుగుతోందిరా."

కార్తీకం ఆఖరాదివారం మిల్లుకు సెలవు అడిగి వెళ్లాను. మేనకోడలూ భర్తా తమ కారులో అప్పటికే వచ్చి ఉన్నారు. బావ తెల్ల చొక్కా వేసుకున్నాడు. బూటు తుడిపించుకున్నాడు. అక్క టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. బావ సీట్లో సర్దుకుని, అద్దం సరిచేసుకుని, తాళం తిప్పాడు.

టిక్కుమంది. అంతే.

మళ్లీ తిప్పాడు. ఈసారి అది కూడా లేదు.   ఆయన రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని నా వైపు చూశాడు.

"ఏరా, నీ పెట్టె నిద్రపోయిందా?"

బానెట్ ఎత్తాను. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతోంది. పచ్చది లేదు. ఎర్ర క్లిప్పు పట్టుకుని చూశాను. బ్యాటరీ ప్లస్సు టెర్మినల్ చుట్టూ పసుపు దారం తోరం, దాంట్లో ఎండిన తమలపాకు ముక్క. దాని మీద గంధం, పసుపు కలిపి పూసినది ఎండి పెంకు కట్టింది. క్లిప్పు దాన్ని కరుచుకుని ఉంది. టెర్మినల్ లోహాన్ని ఎక్కడా తాకలేదు.

"అక్కా, దసరాకి ఏం చేశావు?"

"ఏం చేస్తానురా, ఆయుధపూజ చేశా. నీ పెట్టె కూడా తీసి అమ్మవారి దగ్గర పెట్టా. మూడు రోజులు కదపలేదు. ఉద్వాసన చెప్పాక మళ్లీ నువ్వు పెట్టినట్టే పెట్టా. ఎర్రది ప్లస్సుకే పెట్టా కదా!"

"ప్లస్సుకే పెట్టావు. ప్లస్సుకు తోరం కట్టి పెట్టావు."

"కారుకు కట్టకుండా పెట్టెకి ఒక్కదానికే కడతారా ఎవరన్నా? దీపం కూడా వెలిగింది. నీకు ఫోన్లో చెప్పా."

చెప్పింది. దీపం వెలుగుతోందనే చెప్పింది. ఏ రంగని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తోరం కట్టి నలభై రోజులు దాటింది. రోజుకు ఒకటి చొప్పున ముప్పై ఐదులోంచి పోతే మిగిలేది ఏదీ లేదు.

బావకు నవ్వొచ్చింది. స్టీరింగు మీద తల ఆనించి నవ్వాడు. "దానికి ఉద్వాసన నిజంగానే చెప్పిందిరా మీ అక్క!"

అక్కకు ముందు కోపం వచ్చింది, తర్వాత ఆమె కూడా నవ్వింది. మేనకోడలు నవ్వలేదు. "కదల్లేదు కదా నాన్నా. అన్న మాట ప్రకారం..." అంటుండగా ఆమె భర్త తన కారు డిక్కీ తెరిచాడు.

"మామయ్యగారు వెళ్లలేకపోతే కదా మనం తీసుకెళ్లాల్సింది. వెళ్లలేకపోయింది బ్యాటరీ" అన్నాడు. అంటూనే జంపర్ కేబుళ్లు బయటికి తీశాడు. కారు దక్కితే దక్కేది ఆయనకే. మేనకోడలు ఆయన్ను ఒక చూపు చూసింది. నేను తోరం కోసి, టెర్మినల్ను చాకుతో గీకి శుభ్రం చేశాను. ఆయన కారు నుంచి కరెంటు తెచ్చి కలిపితే రెండో ప్రయత్నానికి ఇంజను అందుకుంది.

"దారిలో ఎక్కడా ఇంజను ఆపకు బావా. ఆపితే మళ్లీ రాజుకోదు" అన్నాను.

"ఆపడానికి కాదు, నిన్ను దింపడానికి పోతున్నాం" అన్నాడు.

నిమ్మకాయలు చితికాయి. నేను పక్క సీట్లో, వెనక వాళ్ల కారు. ఊరి లోపల బావ బాగానే తోలాడు. చిల్లకల్లు దాటి హైవే మీద కూడా ఎడమ అంచునే, నలభై దాటకుండా పోనిచ్చాడు. సిమెంటు లారీలు హారను కొడుతూ దాటిపోతున్నాయి. బావ కొట్టు సంగతులు చెప్పాడు, బాకీ ఎగ్గొట్టిన ఒక రైతు కూతురి పెళ్లికి తానే వెళ్లి చదివింపులు ఇచ్చొచ్చిన కథ చెప్పాడు. చదునైన టైరు మాత్రం దబదబమంటూనే ఉంది. నేను మీటరు చూస్తూ కూర్చున్నాను.

పదకొండో కిలోమీటరులో ముందు పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలతో ట్రాక్టరు ఒకటి నెమ్మదిగా పోతోంది. బావ బ్రేకు మీద కాలు వేశాడు. కారు తగ్గలేదు. ఆయన ముఖంలో కంగారు కూడా లేదు, తొక్కినవాడి ముఖమే అది. ట్రాక్టరు వెనక కట్టిన పాత గోనె మీద అక్షరాలు చదవగలిగేంత దగ్గరికి వచ్చాం. అప్పుడు ఆయన కిందికి చూసి, మోకాలితో సహా కాలిని బలంగా దించాడు. కారు విసురుగా ఆగబోయి, పాకుతూ నిలదొక్కుకుంది. ట్రాక్టరు వెళ్లిపోయింది. ఏమీ తగల్లేదు.

బావ సిగ్నలు వేసి, ఒక టీ బంకు ముందు మట్టిలోకి దింపి, హ్యాండు బ్రేకు లాగాడు. ఇంజను ఆపలేదు. బూటు విప్పి కాలు వైపు చూసుకున్నాడు.

"తొక్కాననుకున్నారా" అన్నాడు. "తొక్కలా."

 వెనక కారు వచ్చి ఆగింది. మేనకోడలు దిగొచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఆమె అంతా చూసింది.

"నాన్నా, దిగు."

"దిగుతున్నా." దిగాడు. అల్లుడి వైపు తిరిగి డ్రైవరు సీటు చూపించి, "మీరు తోలండి బాబూ, ఇంజను ఆపకుండా ఇంటికి పట్టుకెళ్లండి" అన్నాడు.

"మా ఇంటికా, మీ ఇంటికా?" అంది మేనకోడలు.

"మన ఇంటికి."

"మాటంటే మాట నాన్నా. మామయ్య గుమ్మం దాకా వెళ్లలేదు."

బావ టీ బంకు బల్ల మీద కూర్చున్నాడు. ఒంటికాలికే బూటు ఉంది. కొట్టులో రైతుతో బేరం తెగనప్పుడు మాట్లాడే గొంతుతో అన్నాడు: "వెళ్లలేదని ఎవరన్నారు? మొత్తం ఇరవై ఎనిమిది. పదకొండు చెల్లించా. తక్కినవి బాకీ. ఏమే, సగం చెల్లిన ఖాతా ఎవరన్నా మూసేస్తారా? ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నా, నేనెవరిదీ మూయలా. నువ్వు చెప్పరా, నువ్వు లెక్కలోడివి. బాకీ ఉన్న ఖాతా మూస్తారా?"

కూతురూ తండ్రీ ఇద్దరూ నా వైపే చూశారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

"మూయరు బావా" అన్నాను.

"ఎప్పుడు కట్టాలో చెప్పాల్సింది ఎవరు?"

"ఇచ్చినవాడు."

"ఇచ్చినవాడు నువ్వే. అడుగుతున్నావా ఇప్పుడు?"

"అడగటం లేదు."

 టీ బంకతను నాలుగు గ్లాసులు పెట్టి వెళ్లాడు. మేనకోడలు ఒకటి తీసుకుని తండ్రి చేతికిచ్చింది. "తాళం అమ్మ దగ్గరుంటుంది" అంది. "సరే" అన్నాడు బావ. టీ తాగాక అల్లుడు బావ కారు తోలుకుని వెనక్కి తిరిగాడు. బావను పక్కన కూర్చోబెట్టుకుని మేనకోడలు తమ కారు తోలింది. నేను హైవే మీద చెయ్యెత్తి బస్సు ఎక్కి నందిగామ వచ్చాను.

ఇది జరిగి రెండేళ్లయింది. వసూళ్లకు బావ ఇప్పుడు ఆటో మాట్లాడుకుని వెళ్తున్నాడు. కారు షెడ్డులోనే ఉంది. పెట్టె గోడకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. దసరాకు అక్క తోరం స్టీరింగుకు కడుతుంది, పెట్టెకు దూరం నుంచి అక్షింతలు వేస్తుంది. ఫోన్లో నేను దీపం రంగు అడుగుతాను, పచ్చ అంటుంది. టైర్లు ఒకే చోట చదునవకుండా నెలకోసారి కారును జానెడు ముందుకు, మరో నెల జానెడు వెనక్కి నెడతాం. సగం ఆయుష్షు పోయిన ఆ బ్యాటరీ, రోజుకు ఒకటి పోగొట్టుకుని ఒకటి తీసుకుంటూ ఇంకా పనిచేస్తోంది. ఎప్పుడు తిప్పినా ఇంజను మొదటిసారికే అందుకుంటుంది.

మొన్న ఆదివారం వెళ్లేసరికి వెనక గోడ ఎర్రగా ఉంది. బ్రేకు లైట్లు వెలగడానికి తాళం అక్కర్లేదు. నేను గుమ్మం దగ్గరే ఆగాను. గోడ మామూలయ్యాక బావ లోపల్నుంచి కేకేశాడు.

"ఏరా, అడగడానికొచ్చావా?"

"లేదు బావా, ఊరికే వచ్చా."

"ఎంతుందో గుర్తుందా?"

"ఉంది."

"చెప్పు."

"పదిహేడు కిలోమీటర్లు" అన్నాను.